ముందేది, తర్వాతేది

కూతురి బుగ్గ మీదికి క్రీమున్న వేలు చాచింది తల్లి.

కూతురు చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"అదిప్పుడు కాదమ్మా. ముందు నీళ్లలా ఉన్న మందు రాయాలి. అది ఆరాక క్రీమ్. పల్చటిది ముందు, చిక్కటిది తర్వాత. పగలైతే ఎండ క్రీమ్ అన్నిటికన్నా ఆఖర్న."

"అన్నీ పోయి చేరేది ఆ మొహంలోకేగా! ఏది ముందైతే ఏం?"

"చిక్కటిది ముందు రాస్తే పల్చటిది లోపలికి దిగదు."

"ఈ శాస్త్రం ఎవరు చెప్పారో?"

"పైయింటి పిన్ని."

తల్లి వేలు గాల్లోనే ఆగిపోయింది.

"పిన్నా? మా అమ్మకి నేనొక్కదాన్నే. నాకు తెలియకుండా చెల్లెలెప్పుడు పుట్టిందే?"

కూతురు ఫక్కున నవ్వింది. నవ్వి, సీసాలు పోగేసుకుని మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

ఆ నవ్వు చూసి మురిసిపోవాలో, ఏడవాలో తల్లికి తెలియలేదు. ఆ పిల్ల నవ్వి చాలా కాలమైంది మరి.

మొహం నిండా మొటిమలు. చీము పట్టి, పగిలి, మచ్చలు కట్టాయి. పిల్ల కాలేజీ మానేసింది. గదిలో అద్దం మీద తువ్వాలు కప్పేసింది. ఎవరొచ్చినా బయటికి రాదు.

తల్లి ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు చెప్పిన చిట్కాలన్నీ ఆ మొహం మీదే ప్రయోగించింది. మంట పుట్టి పిల్ల ఏడిస్తే, "గిల్లకే అంటే వింటావా?" అని తిట్టింది. తిట్టి, తనూ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఇంత చేసిన తల్లి దగ్గర నోరు విప్పని పిల్ల, మొన్నమొన్న అద్దెకు దిగిన ఆవిడ దగ్గర కిలకిలలాడుతోంది!

పైయింటావిడ మందుల షాపులో పనిచేస్తుంది. ఒంటరి మనిషి. సాయంత్రం మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడైతే చాలు, కూతురు లేచి పరిగెడుతుంది. కింద తల్లి మిషను ఆపి పైకప్పు వైపు చెవి రిక్కిస్తుంది. నవ్వులు వినబడితే కడుపు మండుతుంది. వినబడకపోతే, ఆ గుసగుసలేమిటోనని ఇంకా మండుతుంది.

ఉండబట్టలేక, ఆవిడ కుట్టమనిచ్చిన దిండు గలేబు పట్టుకుని ఓ సాయంత్రం పైకి వెళ్లింది.

తలుపు ఓరగా తీసి ఉంది. కూతురు కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంది. ఆవిడ రెండు అరచేతుల మధ్య పిల్ల మొహం.

తను ముట్టుకోబోతే ముడుచుకుపోయే మొహం. అక్కడెంత నిశ్చింతగా ఉందో!

గలేబు గుమ్మంలోనే పడేసి దిగొచ్చింది.

మర్నాడు మెట్ల దగ్గర కాపు కాసింది.

"మా పిల్లకి తల్లి లేదనుకుంటున్నారా?"

"అయ్యో, అదేం మాటండీ!"

"పిల్లల్లేనివాళ్లకి ఎదుటివాళ్ల పిల్లలు ముద్దొస్తారులెండి. అలాగని ఎగరేసుకుపోతే ఎలా?"

ఆవిడ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి మింగేసింది.

"తప్పు నాదేనండీ. ఇకమీదట సాయంత్రాలు మీరే కూర్చోబెట్టుకోండి. దానిచేత కబుర్లు చెప్పించండి. ఒంటరిగా మాత్రం వదలకండి."

"నా కూతురి సంగతి ఒకరు నాకు చెప్పక్కర్లేదు!"

ఆవిడ తలూపి పైకి వెళ్లిపోయింది.

ఆవిడకి తనేం తీసిపోదని తల్లి పంతం పట్టింది. సాయంత్రమైతే మిషను మూసేసి, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కడగడం, పల్చటిది రాయడం, ఆరనివ్వడం, చిక్కటిది రాయడం. అన్నీ వరస తప్పకుండా నేర్చుకుంది. ఆరేలోపు ఊరికే కూర్చోలేక, ఆ కబురూ ఈ కబురూ చెప్పుకోవడం అలవాటైంది.

కొన్నాళ్లకి పైయింటావిడ ఇల్లు ఖాళీ చేసింది. వెళ్లేముందు కింద తలుపు తట్టింది. తల్లి వినబడనట్టు మిషను తొక్కుతూనే ఉంది.

పిల్ల మొహం మెల్లగా తేటబడింది. మళ్లీ కాలేజీలో చేరింది.

ఓ ఉదయం ఎండ క్రీమ్ రాస్తూ తల్లి మురిసిపోయింది.

"చూశావా, అమ్మ చెయ్యి పడితే ఎలా తేరుకుందో! ఆ మహాతల్లి నిన్ను బుట్టలో వేసుకోవాలని చూసింది కానీ, ఎవరి పిల్లకో రోజూ క్రీములు రాయడానికి ఆవిడకేం పట్టింది?"

"నేను క్రీముల కోసం వెళ్లలేదమ్మా."

"మరెందుకు?"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని చెంప మీదే ఆపుకుంది.

"నీకు చెప్పొద్దని పిన్నిని బతిమాలాను. 'సరే, నువ్వే మీ అమ్మకి చెప్పేదాకా రోజూ నా కళ్లకి కనబడాలి' అని ఒట్టు వేయించుకుంది. నువ్వు రోజూ నా దగ్గర కూర్చుంటున్నావని తెలిశాకే వెళ్లిపోయింది."



"ఏం చెప్పొద్దని? ఇప్పుడెక్కడుంది ఆవిడ?"

"తెలీదు. ఫోన్ నంబరడిగితే, 'మీ అమ్మ ఉందిగా' అంది."

"అసలేం జరిగిందే?"

"నేను కాలేజీ మానేసిన రోజు, వంతెన మీద రెయిలింగ్ ఎక్కిన నన్ను వెనక్కి లాగి మన గేటుదాకా దిగబెట్టింది... అక్కడ అద్దె బోర్డు కనబడితే, నా కోసమే ఆ వారం పైన దిగిందమ్మా."