బండ మీద లంగరు

"ఆ లంగరు వద్దు మామయ్యా! నాలుగు కొక్కేలది తీసుకోండి."

క్రస్తే వినిపించుకోలేదు. రెండు వెడల్పాటి రెక్కలున్న లంగరును ఎత్తి పడవలో పడేశాడు. దోస్తాకు ఒళ్ళు మండింది. ఈ ఇంటికి కోడలై వచ్చి ఆరు నెలలే అయినా, ఆమె కూడా ప్రెస్పా సరస్సు ఒడ్డున పుట్టిన పిల్లే. ఏ లంగరు దేన్ని పట్టుకుంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇది ఇసకలోనో బురదలోనో అయితే దిగుద్ది. మనం పోయేచోట అడుగంతా బండ. అక్కడ ఈ రెక్కలేం చేస్తాయి, చేపలకి విసరడానికా?"

"కొక్కేలది బండ సందులో ఇరుక్కుందంటే మళ్ళీ రాదు. మొన్న నీ మొగుడు తాడు కోసుకుని వచ్చాడు. కొత్తదాని కోసం కమ్మరి కొట్టు ముందు రెండు వారాలు పడిగాపులు కాశాను."

"ఇరుక్కుంటే ఇనప ముక్క పోద్ది. జారితే మనమే పోతాం!"

"నిన్నెవరు రమ్మన్నారు? ఒక్కణ్ణే పోతానంటే విన్నావా?"

ఎలా వింటుంది? మొగుడు జ్వరంతో మంచమెక్కాడు. అరవై ఆరేళ్ళ మనిషిని సరిహద్దు నీళ్ళలోకి ఒంటరిగా పంపితే రేపు ఊరు ఆమెనే అంటుంది. దోస్తా పళ్ళు కొరుకుతూ పడవెక్కింది. మామగారిది ఉడుం పట్టు. ఆ పట్టులో సగం లంగరుకున్నా బాగుండేది.

వల వేసిన చోటుకు కూతవేటు దూరంలో ఎర్ర పీపాలు తేలుతున్నాయి. వాటికి అవతల అల్బేనియా. కిందటి చలికాలం ఇద్దరు జాలర్లు ఆ పీపాలు దాటారు. అక్కడి సైనికులు ఒకడి శవాన్ని అప్పగించారు. రెండోవాడి సంగతి దేవుడికెరుక. లంగరు తాడు నీళ్ళలో కనిపిస్తే పొరపాటున కొట్టుకొచ్చారని వదిలేస్తారని అంటారు గాని, ఆ మాట నమ్ముకుని ప్రాణం పందెం కట్టేదెవరు?

తెరచాప దించారు. లంగరు వేశారు. వల సగం లాగేసరికి ఉత్తరం నుంచి గాలి మొదలైంది. దోస్తా వల వదిలేసి లంగరు తాడు మీద చెయ్యి వేసింది. గరగరమని చేతికి తెలుస్తోంది. కింద ఇనుము బండను గీరుకుంటూ పోతోంది.

"మామయ్యా, జారుతోంది!"

"జారనీ. ఎక్కడో ఓ సందు దొరక్కపోదు."

"సందు దొరికేలోగా సమాధి దొరుకుద్ది! తెరచాప ఎత్తుదాం పట్టండి."

"ఈ గాలికి ఎత్తితే బోల్తా కొడతాం. తాడు ఇంకాస్త వదులు."

ఆ మాట నిజమే. తాడు పొడుగ్గా ఉంటేనే లంగరుకు పట్టు. కానీ ఆమె బారెడు తాడు వదిలినప్పుడల్లా పడవ పీపాల వైపు రెండు బారలు పోతోంది. చివరికి తాడు అయిపోయింది. దోస్తా తెడ్లు అందుకుని రొమ్ము పగిలేలా వేసింది. గాలి ఎవరి చుట్టం? ఎర్ర పీపా ఒకటి పడవ పక్కగా వచ్చి, నెమ్మదిగా వెనక్కి పోయింది.

"పునీత నికోలా, కాపాడు తండ్రీ!" ఆమెకు ఏడుపొచ్చింది. "చెప్తే విన్నారా? ఇప్పుడేం చేస్తారు?"

క్రస్తే అవతలి ఒడ్డు వైపు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. రెల్లు చాటు నుంచి ఒక పడవ బయటకొచ్చింది. ముందు తుపాకీతో ఒక సైనికుడు, వెనక తెడ్లు వేస్తూ డెబ్బై దాటిన ముసలివాడు. ఆ సైనికులు ఎక్కడెక్కడి కొండల నుంచో వచ్చిన కుర్రాళ్ళు. సరస్సుకు రెండు ఒడ్డుల జనమూ మాట్లాడే భాష వాళ్ళకు ఒక్క ముక్క రాదు. అందుకే పడవ నడపడానికీ, దొరికినవాళ్ళను ప్రశ్నించడానికీ ఆ ఒడ్డు ఊళ్ళోంచి ఒకణ్ణి వెంట పెట్టుకుంటారు.

తుపాకీ పేలింది. గుండు వాళ్ళ ముందు నీళ్ళను చీల్చుకుంటూ పోయింది. దోస్తా పడవ అడుగున బోర్లా పడింది. ఇక అయిపోయిందనుకుంది.

"లంగరు! లంగరు జారింది!" క్రస్తే ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో నీళ్ళలోని తాడును చూపిస్తున్నాడు.

ఆ పడవ దగ్గరకొచ్చింది. సైనికుడు తాడును చూశాడు, ముసలివాడికి ఏదో చెప్పాడు. ముసలివాడు తెడ్డు ఎత్తి పట్టుకుని లేచి నిలబడ్డాడు. కోపంతో మెడ నరాలు ఉబ్బాయి.

"దున్నపోతా! కళ్ళు నెత్తికెక్కాయా? పళ్ళూడిపోతున్నా లంగరెయ్యడం రాదట్రా నీకు?"

సైనికుడికి మాటలు అర్థం కాకపోయినా తిట్లని తెలిసింది. పళ్ళికిలించాడు. తుపాకీ మాత్రం దించలేదు. ముసలివాడు లాగుడు తాడు తీసి క్రస్తే మొహాన విసిరికొట్టాడు. అదే గొంతుతో, సరస్సంతా దద్దరిల్లేలా అరిచాడు.

"పోయినేడు మే నెలలోనే జారిందిగా నీ లంగరు! ఈ ఏడు అక్టోబరు దాకా ఏం చేస్తున్నావురా? ఎన్నాళ్ళని ఈ నీళ్ళకేసి చూస్తూ కూచోను తమ్ముడూ? అమ్మకి దగ్గు తగ్గిందా, లేదా?"

దోస్తా తలెత్తి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

క్రస్తే టోపీ తీసి, తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు.

"అమ్మ పోయి నలభై రోజులైంది అన్నయ్యా. ఆపకు, తిడుతూనే ఉండు. వాడు చూస్తున్నాడు."