కదిలిన చుక్క

త్రినాథరావు మేష్టారికి రైల్వే బడి పిల్లలంటే చిరాకు. వాళ్ళ తండ్రులంటే మరీ చిరాకు. బొగ్గు మసిలో పుట్టిన ఈ మొహాలకి గ్రహశకలాలు చూపించాల్సిన ఖర్మ బిలాస్‌పూర్ మొత్తానికి తనకే పట్టిందని ఆయన ఏడుపు.

అది ముప్ఫై ఏడో సంవత్సరం. దక్షిణాదిన ఒక అబ్జర్వేటరీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, టెలిస్కోపుతో తీసిన రెండు గాజు నెగటివ్ పలకలు తెప్పించాడు. ఒకే ఆకాశం, వేర్వేరు రాత్రులు. పార్సిల్ తిన్నగా గోల్‌బజార్‌లో ఫోటోలు తీసే సింహాచలం దగ్గరికి వెళ్ళింది. అతను వాటిని కాగితం మీద అచ్చు వేసి తెచ్చాడు.

"ఇంతాలస్యమా? నీకు అప్పగించడం నాదే బుద్ధితక్కువ," అన్నాడు మేష్టారు. సింహాచలం అచ్చులు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఫోటోలు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. నక్షత్రాలు కదలవు. కదిలిన చుక్కే గ్రహశకలం. దాన్ని పట్టినవాడికి నాగపూర్ కాలేజీకి మేష్టారి సిఫార్సు.

క్లాసులో మొదట పైడిరాజు ఒక చుక్క చూపించాడు.

"అది నలుసురా, గుడ్డి వెధవా."

మిగిలినవాళ్ళకీ అదే మర్యాద జరిగింది. చివరికి రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ నూకరాజు కొడుకు అమ్మన్న వంతు వచ్చింది. క్లాసులో లెక్కలు వచ్చిన కుర్రాడు వాడొక్కడే. సిఫార్సు దొరక్కపోతే వాడి చదువు ఇక్కడితో సరి. బడి వదిలేదాకా ఆ ఫోటోల మీదే వంగి ఉన్నాడు.

"ఏటీ కదల్లేదండి మేష్టారూ. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి."

"అచ్ఛా. అంటే అబ్జర్వేటరీ వాళ్ళు వెర్రివాళ్ళు, నేను అంతకన్నా వెర్రివాణ్ణి. అంతేనా?"

"అలగనలేదండి. లేనిది ఉందని ఎలగ చెప్పీది?"

"వెళ్ళరా. మీ అయ్య దగ్గర ఇంకో పార ఉందేమో అడుగు."

క్లాసంతా నవ్వింది. సోమవారం అమ్మన్న ఇంజన్ల షెడ్డులో బొగ్గు ఎత్తే పనిలో చేరాడు.

ఆ వారమే మేష్టారు కళ్ళజోడు తుడుచుకుని తనే కూర్చున్నాడు. గంటలో దొరికింది. ఒక ఫోటోలో కుడి మూల ఉన్న చుక్క, రెండో దాంట్లో కాస్త పైకి జరిగిందన్నాడు. దానికి తన పేరే పెట్టుకున్నాడు. రైల్వే హాల్లో సభ చేసి దండ వేశారు.

"కళ్ళుంటే చాలదు, బుర్ర కూడా ఉండాలి," అని సెలవిచ్చాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. సింహాచలం కాస్త గట్టిగానే కొట్టాడు.

రెండో పలక పార్సిల్లోనే పగిలి వస్తే, మేష్టారి నోటికి జడిసి అతను మొదటి పలకనే రెండుసార్లు అచ్చు వేసి ఇచ్చాడు.