మా ఆయన కాలి బోల్టు

మెట్లు దిగుతుంటే మా ఆయన పెట్టుడు కాలు పుటుక్కుమంది. ఆయన రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు, నా గుండె మాత్రం కిందిదాకా దొర్లింది.

ఆ కాలు చేసిన మెకానిక్ దాన్ని విప్పి చూశాడు.

“ఇది ఇనుము కాదు పిన్నిగారూ, పొరలు పొరలుగా అతికించిన కార్బన్ ఫైబర్. బోల్టు మరీ బిగిస్తే రంధ్రం చుట్టూ పొరలు లోలోపలే చితికిపోతాయి. ఎవరు బిగించారు?”

“నేనే నాయనా. రోజూ చూస్తే వదులుగా ఉండేది. ఊడితే ఈ మహానుభావుడు బోర్లా పడి, పళ్ళు కూడా పెట్టుడువే కావాలంటాడని భయం.”

“దానంతటది వదులవదే!”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. “వదులు చేసింది నేనే.”

“సిగ్గులేదూ? ఎందుకూ?”

“బిగించేటప్పుడైనా కాసేపు నా దగ్గర కూర్చుంటావని.”

“పిలిస్తే కూర్చోనా?”

“పెళ్ళైన కొత్తలో పిలిచాను. ‘పాలు పొంగుతున్నాయేమో చూసొస్తా’నన్నావు. ఇంకా రాలేదు.”