ఐదు గంటల దారి

బండి వెనక తలుపు ఒక రెక్కే తెరుచుకుంది.

నలుగురు కలిసి పెట్టెను దించారు. వనిత గుమ్మం పట్టుకుని నిలబడింది. మూడేళ్ల తర్వాత మొగుడు వెంకటేశం ఇల్లు చేరాడు.

మొహం చూసే స్థితిలో లేదని డ్రైవర్ ముందే చెప్పాడు. పోనీ, ఆఖరి ఘడియలో ఏమన్నాడో చెప్పేవాళ్లున్నా చాలనుకుంది వనిత.

పెట్టె వెంట ఒక ముసలాయన దిగాడు. మాసిన చొక్కా, పెరిగిన గడ్డం.

"కంపెనీ మనిషి," అన్నాడు మరిది భాస్కర్ పళ్లు కొరుకుతూ. తోడు ఒకరు వస్తారని కంపెనీవాళ్లే ఫోన్‌లో చెప్పారు.

"బిడ్డా..." అన్నాడు ముసలాయన.

"రియాద్ నుంచి హైదరాబాద్‌కు ఇమానం ఎంతసేపు?" అంది వనిత.

"ఐదు గంటలు బిడ్డా."

"మా ఆయన గూడ గదే చెప్పేటోడు. పట్నంల బస్సెక్కి బాన్సువాడల దిగినంత సేపే, ఫికర్ చెయ్యకు అనేటోడు. మరి నెల దినాలు ఏడ పెట్టిండ్రు ఆయనను?"

"కాయితాలు కాలేదు బిడ్డా..."

"వదినా, ఇటు సూడు!" భాస్కర్ బండిలోకి తొంగిచూశాడు.

లోపల పొడుగ్గా ఏదో ఉంది. పైన పులిబొమ్మ ఉన్న కొత్త గల్ఫ్ దుప్పటి. అటునుంచి వచ్చేవాళ్లు టీవీ పగలకుండా దుప్పట్లో చుట్టి తెచ్చుకోవడం ఆ వాడలో అందరికీ తెలిసిందే.

వనిత ఒళ్లు మండిపోయింది.

"మా ఇంటికి పీనుగు. నీ ఇంటికి టీవీనా?"

ముసలాయన బండి దగ్గరికెళ్లి, జారిన దుప్పటి అంచును మెల్లగా సర్దాడు.

"మంచినీళ్లన్న తాగమనుండ్రి," అంది అత్త గంగుబాయి ఏడుస్తూనే.

"కంపెనీ తాపుతది తియ్యి," అన్నాడు భాస్కర్.

ముసలాయన మళ్లీ వనిత దగ్గరికి వచ్చాడు. "ఎంకటేశం నీకో మాట చెప్పమన్నడు బిడ్డా..."

"కంపెనీ నేర్పిన మాటలు నాకొద్దు. పో!"

ఆయన బండెక్కి, డ్రైవర్ పక్కన కాకుండా వెనకే, ఆ దుప్పటి పక్కనే కూర్చున్నాడు. బండి మద్నూర్ రోడ్డు పట్టింది.

దహనం ముగించి మగవాళ్లు తిరిగొచ్చాక, వెంకటేశంతో కలిసి పనిచేసిన అర్షద్ రియాద్ నుంచి ఫోన్ చేశాడు.

"వదినా, అన్న చెప్పమన్న మాట కాక చెప్పిండా?"

"ఏ కాక?"

"పెట్టె తోటి వచ్చిన నాగోరావ్ కాక. మద్నూర్ దిక్కు డోంగ్లి ఆయన, మా తోటే పనిచేసేటోడు. గోడ కూలినప్పుడు అన్న పానం ఆయన ఒళ్లెనే పోయింది. ఏమన్నడో చెప్పు కాకా అని మేం ఎంతడిగినా, గా మాట వనితకే చెప్పాలె అన్నడు."

వనిత బండి వెళ్లిన దారి వైపు చూసింది.

"మరి... బండిల గా టీవీ?"



"టీవీ ఏంది వదినా... అదే గోడ కింద పోయిన కాక కొడుకు శవపెట్టె అది."