మాత్రలు ఇచ్చిన చేయి

"ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా? ఒంట్లో రక్తమే లేదు" అని డాక్టరు మా ఆయన్ని గద్దించారు. బరువు తగ్గే ఆపరేషనై ఆరు నెలలైంది.

"మర్సిపోతన్నాను సార్" అన్నారాయన.

"కడుపు చిన్నది చేసి, పేగులో కొంత భాగానికి తిండి వెళ్లకుండా దారి మళ్లించాం. తిన్నది ఒంటికి పట్టేదే తక్కువ. కాల్షియంతో కలిపినా, టీతో మింగినా ఐరన్ సరిగా పట్టదు. ఇలాగైతే వర్క్‌షాపులో కళ్లు తిరిగి మెషిన్ మీద పడతావు."

తర్వాత నావైపు తిరిగారు. "ఇకనుంచి మీ చేత్తో మీరే ఇవ్వండమ్మా. ఈయన్ని నమ్మొద్దు."

నేను తలూపాను.

ఝపటాపూర్‌లో మా ఇంటివైపు వెళ్లే టోటో, అదే బ్యాటరీ ఆటో ఎక్కాక, "అబద్ధమెందుకు సెప్పినారు?" అని అడిగాను.

"తిండి అరక్కపోయినా నాకు తిట్లు అరుగుతాయే. నువ్వైతే ఏడుస్తావు" అని నవ్వారు.

ఆయన ఒక్కరోజూ మర్చిపోలేదు. ఇంగ్లీషులో ఉన్న మందుల చీటీ చదవలేక, డాక్టర్ని ఇంకోసారి అడగడానికి సిగ్గుపడి, పొద్దున వర్క్‌షాపు సైరన్ మోగగానే ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ కలిపి పాల టీతో అందించింది నేనే.

"దాదా, రోకో" అని టోటో ఆపించాను.

"ఏటే, ఏటైంది?"

"ఎనక్కెల్దాం. తప్పు నాదని నానే సెప్పాల."