కిటికీలు మూయకండి

అంతర్వేది తీర్థం రోజులు. మలికిపురంలో ఏ లాడ్జీకెళ్లినా గది లేదన్నారు. ఉన్నచోట మూడువేలన్నారు. అలాంటిది రేచల్ గారు మూడొందలకే డాబా ఇల్లంతా ఇచ్చేసేరు.

"కిటికీలు మాత్రం మూయకండమ్మా. దీపం, అగరొత్తులు అసలు వెలిగించకండి."

రేచల్ గారి మెళ్లో సిలువ చూసి, వాళ్ల పద్ధతి కాబోలనుకుంది సత్యదుర్గ. "ఆయ్, అలాగేనండి" అంది.

"మరి మీరెక్కడ పడుకుంటారండి?"

"మేమా? వారం నుంచీ చర్చిలోనేనమ్మా" అంటూ చాపలు చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయేరు రేచల్ గారు.

సందెవేళకి దోమలు మూగేయి. సత్యదుర్గ కిటికీలన్నీ మూసేసింది. ఆవిడ లేరు కదా, నరసింహస్వామికి ఒక్క దీపం పెడితే తప్పేంటనుకుని ప్రమిదలో నూనె పోసింది.

పెరట్లోంచి భర్త కేకేసేడు. "దుర్గా, ఇక్కడేదో గ్యాస్ పైపులైను బోర్డుంది. ఈ నుయ్యి చూడు, నీళ్లు ఎసరులా బుడబుడమంటున్నాయి. తోడితే చల్లగానే ఉన్నాయి!"

"దీపం పెట్టేసి వస్తున్నానండి" అంది సత్యదుర్గ, అగ్గిపుల్ల గీస్తూ.