మే నెలలో మంకీ క్యాప్

“ఏసీ మళ్ళీ పద్దెనిమిది! ఎవడ్రా ఆ పాపాత్ముడు?”

అన్నా అనడానికి బదులు అందరూ ‘దా’ అని పిలిచే హల్దార్ దా అరుపుకు ఆఫీసంతా తలెత్తింది. ఆయన నెత్తిన మంకీ క్యాప్, మెడకు మఫ్లర్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. బయట కలకత్తా ఎండకు రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. లోపల ఈయన డార్జిలింగు కొండెక్కడానికి బయలుదేరినట్టున్నాడు.

పియాలికి నవ్వు రాలేదు. శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. టైపు చేసే వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఓడ సరుకు బిల్లులో అప్పటికే రెండుసార్లు అంకె తప్పింది. ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొస్తున్నాయి. మూడు వారాలుగా ఇదే చలి, ఇదే రభస.

శుక్రవారం ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలి. యజమాని గుహ బాబు సంతకం పెట్టేదాకా ఏ క్షణమైనా పొమ్మనవచ్చు. ఆ సీట్లో అంతకుముందున్న అమ్మాయిని అలాగే పొమ్మన్నాడు. “సెలవుల మీద సెలవులు పెట్టేవాళ్ళు నాకొద్దు” అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

పియాలి భర్త పనిచేసే జనపనార మిల్లు దుర్గాపూజకు ముందే మూతపడింది. ఇంటికి ఆమె జీతమే దిక్కు. పొద్దున కూడా భర్త, “ఒళ్ళు పాడుచేసుకుని ఆ చలిలో ఏం కూర్చుంటావ్? మానెయ్” అన్నాడు.

“మానేసి ఏం తిందాం? నీ మిల్లు గేటు తాళమా?” అని కసిరి వచ్చింది. శుక్రవారం దాకా ఎలాగో గట్టెక్కించమని బస్సులోంచే కాళీమాతకు దణ్ణం పెట్టుకుంది.

హల్దార్ దా ఆమె బల్ల దగ్గరికి వచ్చి చిన్న సీసా తీశాడు.

“ఇదిగో తల్లీ, హోమియోపతి గుళికలు. నాలుగు నాలుక కింద పెట్టుకో. జలుబు నీ గుమ్మం తొక్కదు.”

“వద్దు హల్దార్ దా.”

“వద్దంటే ఎట్లా? జ్వరమొచ్చి మంచమెక్కావంటే మన సారు నీ సీటు ఎత్తేస్తాడు.”

ఆమె గుళికలు తీసుకుంది. ఆయన అటు తిరగ్గానే సొరుగులో పడేసింది. తన సీటుకు వెళ్ళేలోపే ఆయన ఖళ్ళుఖళ్ళున దగ్గడం మొదలుపెట్టాడు. పెద్దాయన దగ్గు విన్నప్పుడల్లా ఆమె మనసు చివుక్కుమంటుంది.

ఆ గదిలో చలి పట్టనివాడు తపన్ దా ఒక్కడే. మనిషి భారీకాయం, పొట్టి చేతుల చొక్కా. పైగా ఏసీ రిమోట్ వేలాడేది ఆయన సీటు పక్క మేకుకే. ఇంకేం, అనుమానమంతా ఆయన మీదే.

“నేను కాదయ్యా బాబూ! మా ఆవిడ మీద ఒట్టు!”

“ఆవిడ మీదైతే సరదాగా వేస్తావులే. ఇలిష్ చేప మీద వెయ్యి చూద్దాం,” అన్నాడు హల్దార్ దా.

“ఇలిష్ మీద కూడా ఒట్టే! జన్మలో మళ్ళీ దాని మొహం చూడను!”

తపన్ దా కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఇలిష్ అంటే మన పులసే; దాని మీద దొంగ ఒట్టు వేసేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. అయినా ఎవరూ నమ్మలేదు. చెయ్యని తప్పుకు మనిషిని వేపుకు తింటుంటే పియాలి తలెత్తలేకపోయింది. ఆమె కోపమంతా గుహ బాబు మీదికి మళ్ళింది. ఈ చలికంతా మూలం ఆయనే అనిపించింది.

గొడవ విని ఆయనే తన గదిలోంచి బయటికొచ్చాడు. మేకుకున్న రిమోట్ అందుకున్నాడు. ఇరవై ఆరుకు పెంచి జేబులో వేసుకున్నాడు.

“ఇకనుంచి ఇది నా దగ్గరే ఉంటుంది. ఎవరి ఆటలు సాగుతాయో చూస్తా.”

కాసేపటికి గది వెచ్చబడింది. హల్దార్ దా మంకీ క్యాప్ తీశాడు. ఇన్నాళ్ళకు ఆయన బట్టతల దర్శనమైందని అందరూ చప్పట్లు కొట్టారు. స్వెట్టర్లు ఒక్కొక్కటే కుర్చీల వీపుల మీదికి చేరాయి.

గుహ బాబు చూపు పియాలి దగ్గర ఆగింది.

“ఏమ్మా, నీకింకా శాలువా ఎందుకు? జ్వరమా?”

“లేదు సర్, బాగానే ఉన్నాను.”

“బాగుంటే తీసెయ్. జబ్బు మనిషివైతే ఇప్పుడే చెప్పు. శుక్రవారం సంతకం పెట్టించుకుని సోమవారం సెలవు చీటీ తెస్తే ఊరుకోను.”

“చెమట మీద గాలి తగిలితే జలుబు చేస్తుందని మా అమ్మ...”

“నిజమే సర్,” అని హల్దార్ దా అందుకున్నాడు. “అలాగే మా బావమరిదికి న్యుమోనియా దాకా వెళ్ళింది.”

కలకత్తాలో ఆ మాటకు ఎదురుచెప్పేవాడు ఉండడు. గుహ బాబు కూడా కాస్త తగ్గాడు. అంతలో ఆయన గదిలో ఫోను మోగింది.

“సరే, చెమట ఆరనీ. మాట్లాడి వస్తా. నేనొచ్చేసరికి ఆ శాలువా కుర్చీ మీద ఉండాలి.”

తలుపు మూసుకుంది. పియాలి వీపు మీద చెమట ధారలు కడుతోంది. హల్దార్ దా హుషారుగా అందరికీ ముంతల్లో టీ చెప్పాడు. తపన్ దా ఆమె వైపు తిరిగి మొదటిసారి నవ్వాడు.

“దొంగ దొరక్కపోయినా పీడ వదిలింది కదా, పియాలీ!”

ఆమె అవునన్నట్టు తలూపింది. శాలువా కింద ఐదో నెల కడుపును ఒక చేత్తో కప్పుకుని, రెండో చేత్తో ఫోన్‌లో రిమోట్ యాప్ తెరిచి ఏసీ వైపు తిప్పి, మళ్ళీ పద్దెనిమిది నొక్కింది.